ముప్పై ఏడో నంబరు

“అక్కా, అమ్మ పోయింది. నీ దగ్గర మీ కాలేజీ ఫోటో ఉన్నదా?”

పొద్దున్నే ఫోను చేసి ఆ పిల్ల ఈ రెండు మాటలూ ఒక్క ఊపిరిలో అనేసింది. పిల్ల అంటున్నాను గానీ ఆమెకిప్పుడు నలభై దగ్గర పడుతున్నాయి. వాళ్ళమ్మ నాతో పాటు బి.ఏ. చదివేటప్పుడు అదే ఆవరణలో ఇంటర్ చదివేది, అందుకని నా నోటికి ఎప్పటికీ పిల్లే. అమ్మ పోయి నాలుగు రోజులైందట. పదకొండో రోజున ఇంట్లో పటం పెట్టి దండ వెయ్యాలి, పెట్టడానికి సరైన ఫోటో ఒక్కటి లేదట. ఉన్నవన్నీ పెళ్ళిళ్ళలో తీసినవి. ప్రతి దాంట్లోనూ ఆమె పక్కకు తిరిగి ఎవరి జాకెట్టు భుజమో సర్దుతూ ఉంది.

ఫోను పెట్టేశాక నాకు ముందు కోపం వచ్చింది. నాలుగు రోజులైతే ఇప్పుడా చెప్పడం! ఆ తర్వాత, చెప్పకూడదు గానీ, నవ్వొచ్చింది. పెళ్ళి ఫోటోల్లో పక్కకు తిరిగి నిలబడ్డ ఆ మనిషి అచ్చంగా కళ్ళ ముందుకొచ్చింది. ఏడుపు అన్నిటికన్నా చివర, బీరువా అడుగున ఆ ఫోటో కోసం వెతుకుతున్నప్పుడు వచ్చింది.

ఆమె పేరు ఇక్కడ రాయను. దాచాలని కాదు. మా కాలేజీలో ఉన్న రెండేళ్ళూ ఆమె తన పేరు కన్నా తన నంబరునే ఎక్కువ ఇష్టపడింది. దాని కోసం ఎంత కొట్లాడిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నేనూ ఆ నంబరుతోనే చెబుతాను. ముప్పై ఏడు.

సికింద్రాబాదులో ఆ ఆడపిల్లల కాలేజీలో సీటంటే ఆ రోజుల్లో మాటలు కాదు. మా నాన్న కోస్తా నుంచి వచ్చి బొల్లారంలో స్థిరపడ్డ బడిపంతులు. నాకు సీటొచ్చిన ఆదివారం ఆయన చర్చిలో లేచి నిలబడి, ఇది దేవుడు చేసిన గొప్ప కార్యమని సాక్ష్యం చెప్పాడు. అలాంటి నాన్నల కూతుళ్ళం నలభై మందిమి ఉండేవాళ్ళం క్లాసులో. మా మీద మాకు తగని గౌరవం. నేను క్లాసు లీడర్ని కూడా, కాబట్టి నాకు ఇంకాస్త ఎక్కువ.

రెండో సంవత్సరం మొదలైన వారానికి హిస్టరీకి కొత్త లెక్చరర్ వస్తారని చెప్పారు. మేము ఎదురుచూస్తుంటే తలుపు దగ్గర ఒకామె కనబడింది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. ముదురాకుపచ్చ నేత చీర, రూపాయి బిళ్ళంత బొట్టు, చేతులనిండా గాజులు, చంకలో ఫైలు. అందరం లేచి నిలబడి “గుడ్ మార్నింగ్ మేడమ్” అని రాగం తీశాం. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఆ మేడమ్ ఎక్కడున్నారా అని. వెనక ఎవరూ లేరు. అప్పుడర్థమై రెండు చేతులూ ఊపేసింది.

“కూసోండ్రి బిడ్డా, కూసోండ్రి. నేను సుత వినేతందుకే వచ్చిన.”

వచ్చి నా పక్కన ఖాళీగా ఉన్న చోట కూర్చుంది. ఆ చోటు ఎండాకాలం సెలవుల్లో పెళ్ళయి చదువు మానేసిన అమ్మాయిది. అలా ఖాళీ అయిన ఒకే ఒక్క సీటుకు వేరే కాలేజీల నుంచి మారాలనుకునేవాళ్ళకు పరీక్ష పెడితే, ఈవెనింగ్ కాలేజీలో ఫస్టియర్ చదివిన ఈమెకు వచ్చింది. పెళ్ళయిందని ఒకదాన్ని మాన్పిస్తే పెళ్ళయిన ఇంకొకామె వచ్చి ఆ బెంచీలో కూర్చోవడం మాకు ఎంత తమాషాగా అనిపించిందో చెప్పలేను. సాయంత్రం దాకా నవ్వుకున్నాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను, ఎందుకంటే ఆమె నా పక్కన కూర్చుంది.

మర్నాడు నా నవ్వు ఆగిపోయింది. నేను రంగు చీర మీదికి యూనిఫామ్ జాకెట్టే వేసుకొచ్చాను. పాఠం మధ్యలో ఆమె నా భుజం దగ్గరికి వంగి చూసి, “చంక కింద గుంజుతున్నదా?” అంది. నిజంగానే లాగుతోంది. “అది నేనే కుట్టిన. జూన్ల పని మీద పడితే తొందరల కుట్టిన. రేపు తే, సాఫ్ చేసిస్త.”

ఆమె సీతాఫల్‌మండిలో జాకెట్లు కుట్టేది. మా కాలేజీ యూనిఫామ్ జాకెట్లు ఆమె చేతి మీదుగా పదిహేనేళ్ళుగా వస్తున్నాయి. బట్టల దుకాణం వాళ్ళు మా కొలతలు కాగితం మీద రాసి పంపేవాళ్ళు, ఆమె కుట్టి పంపేది. మేమెవరమో ఆమెకు తెలియదు గానీ మా కొలతలన్నీ తెలుసు. వారం తిరక్కుండానే క్లాసులో ఎవరి జాకెట్టు ఏ కాగితం మీద వచ్చిందో పోల్చేసుకుంది. కాన్వెంటు ఇంగ్లీషులో మిడిసిపడే పిల్లలు కూడా ఆమె కళ్ళెత్తి చూడగానే పైట సర్దుకునేవాళ్ళు.

ఒక్కో రోజు మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే క్లాసుకొచ్చేది. పైట కొంగుకు ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉండేది. నోట్సు రాసుకోవడానికి పుస్తకం కాదు, జాకెట్టు నమూనాలు కత్తిరించగా మిగిలిన ఖాకీ కాగితాలు వాడేది. వాటిని మడిచి దారంతో కుట్టి తెచ్చేది. ఎప్పుడైనా ఆ కాగితాలు తిరగేస్తే ఒకవైపు మొఘలుల పతనం, ఇంకోవైపు ఎవరిదో మెడ వంపు. ఇంగ్లీషు మాట తెలియకపోతే ఆగి నన్ను గోకి అడిగేది. చెప్పినదాకా వదిలేది కాదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పది రోజులు భరించి నేను వైస్ ప్రిన్సిపాల్ దగ్గరికెళ్ళి నా చోటు మార్చమని అడిగాను. పాఠం వినబడ్డం లేదని అబద్ధం చెప్పాను. ఖాళీ లేదు పొమ్మన్నారు. ఆమెకూ నాకూ ఇరవయ్యేళ్ళ స్నేహం కుదిరిందంటే అందులో నా గొప్పతనమేమీ లేదు. ఆ రోజు ఇంకో బెంచీ ఖాళీగా ఉంటే ఈ కథ రాసేది ఇంకెవరో.

మొదట్లో అందరిలాగే నేనూ ఆంటీ అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి నా వైపు తిరిగింది.

“ఆంటీ గీంటీ గేటు బయట. ఈ లోపల నేను సెకండియర్.”

“మరి ఏమని పిలవాలండీ?”

“అక్కా అను, సరిపోతది.”

ఆ ధైర్యంతో ఒకరోజు అడిగేశాను. సాయంత్రం పూట ఈవెనింగ్ కాలేజీలో హాయిగా చదువుకోకుండా, పగలు మిషన్ ఆపుకుని ఇక్కడికెందుకొచ్చారు అని. ఈవెనింగ్ కాలేజీ అంటే మా దృష్టిలో ఆఫీసు గుమాస్తాలు కునికిపాట్లు పడే చోటు. నా గొంతులో ఆ చులకన ఆమెకు వినబడింది.

“ఏయ్, ఆళ్ళను ఏమనకు. పదో తరగతి కాడ ఆగి ఇరవై ఏండ్లు కూసున్నదాన్ని. నాకు తలుపు తీసింది ఆళ్ళే. ఆడ లైట్లు పోతుండె, సార్లు రాకపోతుండె, అయినా తీసిన తలుపు తీసినట్టే ఉండె.” ఖాకీ కాగితం మడుస్తూ అంది. “ఈడికెందుకొచ్చిన్నంటే, పదిహేనేండ్లు ఈ కాలేజీ జాకెట్లు కుట్టిన బిడ్డా. ఒక్కటన్న నా కొలత మీద కుట్టుకోవద్దా?”

ఇంతకన్నా పెద్ద కారణం ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మా కాలేజీ ఆమెను అవమానించిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మర్యాద చేసింది. అదే ఆమెకు గిట్టలేదు. మీకు డ్రిల్లు అక్కర్లేదండీ అన్నారు. లైబ్రరీలో స్టాఫ్ గదిలో కూర్చుని చదువుకోండీ అన్నారు. సెమినార్ పేపరు మీరు చదవకపోయినా మార్కులు వేస్తామండీ అన్నారు. ఆమె డ్రిల్లుకు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వచ్చి మాతో పాటు చేతులు పైకెత్తింది. సెమినార్ పేపరు తన ఇంగ్లీషులో, తన యాసలో, నలభై నిమిషాలు చదివింది. నవ్విన ఇద్దరు పిల్లల వంక చూసి, “అయిపోయినంక నవ్వుండ్రి, ఇంక రెండు పేజీలున్నయి” అని మళ్ళీ మొదలుపెట్టింది.

కొత్త హిస్టరీ లెక్చరర్‌కు పాతికేళ్ళు, మొదటి ఉద్యోగం. హాజరు పిలిచేటప్పుడు ముప్పై ఆరు దాకా వచ్చి, అంత పెద్దామెను నంబరుతో పిలవడానికి మొహమాటపడి, తలెత్తి చూసి, టిక్కు పెట్టుకుని ముప్పై ఎనిమిదికి పోయేది. రెండు రోజులు ఊరుకుని మూడో రోజు ఈమె లేచి నిలబడింది.

“మేడమ్, ముప్పై ఏడు పిలువలే.”

“మీరు వచ్చారు కదండీ, చూశాను.”

“చూసిన్రు. పిలువలే.”

పాపం ఆ లెక్చరర్ ముఖం ఎర్రబడిపోయింది. “థర్టీ సెవెన్” అంది, వినీ వినబడనట్టు. “ప్రెజెంట్ మేడమ్!” అని ఈమె అరిచిన అరుపుకు పక్క క్లాసు వాళ్ళు కిటికీల దగ్గరికొచ్చారు.

అసలు గొడవ సోమవారాలతో వచ్చింది.

సోమవారం మా యూనిఫామ్ రోజు. తెల్లచీర, తెల్ల జాకెట్టు, చీరకు సన్నటి నీలం అంచు. పెళ్ళికాని పిల్లలకు అదేమీ పట్టింపు కాదు. మొగుడున్న మనిషి ఆ చీర కట్టుకుని సీతాఫల్‌మండి గల్లీలోంచి నడిచి బస్సెక్కితే చూసేవాళ్ళకు గుండె గుభేలుమంటుంది. ఆ సంగతి ఊహించి వైస్ ప్రిన్సిపాల్ ముందే చెప్పారు, మీరు రంగు చీరలోనే రావచ్చండీ అని. ఆమె విన్నది, తలూపింది, సోమవారం తెల్లచీరలో వచ్చింది. బొట్టు మామూలు కన్నా రెండింతలు పెట్టుకుంది. గాజులు మోచేతి దాకా ఉన్నాయి, అన్నీ ఆకుపచ్చవి. ఆ జాకెట్టు అంత చక్కగా కుదిరింది ఆ కాలేజీలో ఇంకెవరికీ నేను చూడలేదు.

ఆ రోజు దారిలో ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను ఆపి, మీ ఆయనకేమైంది ఎప్పుడైంది అని అడిగారట. “రైల్వేల డ్యూటీకి పోయిండు, పొద్దుమీకి వస్తడు అని చెప్పిన” అని ఆమె మాకు చెప్పి పగలబడి నవ్వింది. వాళ్ళాయన మాత్రం నవ్వలేదు. అత్తగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సరిగ్గా ఆ వారమే ఆఫీసు నుంచి గార్డియన్ ఫారాలు వచ్చాయి. విద్యార్థిని కాలేజీ నియమాలన్నీ పాటిస్తుందని, యూనిఫామ్‌తో సహా, తండ్రో భర్తో సంరక్షకుడో సంతకం చెయ్యాలి. వసూలు చెయ్యడం క్లాసు లీడరుగా నా పని. ముప్పై తొమ్మిది ఫారాలు వచ్చాయి. ఒక్కటి రాలేదు. రిజిస్టరులో ఆమె నంబరు అప్పటికింకా పెన్సిలుతోనే రాసి ఉంది. ఫారం వస్తే ఇంకుతో రాస్తారు, నెలాఖరుకు రాకపోతే రబ్బరుతో తుడిచేస్తారు. టీసీ తీసుకున్నప్పుడే ఈవెనింగ్ కాలేజీలో సీటు పోయింది. ఇక్కడిదీ పోతే ఆమెకు రెండు కాలేజీలూ లేనట్టే.

“ఆయన పెట్టనంటున్నడు,” అంది ఆమె. “నేను బతికుండంగ నా పెండ్లాం తెల్లచీర కడతదని నా చేత్తోని నేను దస్కత్ పెట్టాల్నా అంటడు.”

“ఇదేం పెద్ద సంగతక్కా! మీరే పెట్టెయ్యండి ఆయన సంతకం,” అన్నాను నేను గొంతు తగ్గించి. “ఈ ముప్పై తొమ్మిదిలో సగం మావే. హాస్టలు పిల్లలందరూ నాన్నల సంతకాలు వాళ్ళే పెట్టుకుంటారు.”

చర్చిలో సాక్ష్యం చెప్పిన బడిపంతులుగారి అమ్మాయి ఇచ్చిన సలహా అది. నా ఫారం మీద సంతకం కూడా మా నాన్నది కాదు. ఆమె నన్ను తేరిపార చూసింది.

“దొంగ దస్కత్ పెడితే ఆయన ఒప్పుకున్నట్టే అయితది కద బిడ్డా. ఒప్పుకోనోన్ని ఒప్పుకున్నడని నేనెందుకు చెప్పాలె? రేపు సదువంత అయినంక, నేను సంతకం పెడితేనే సదివింది అంటడు. ఆ మాట ఆయన నోట్లకు నేనే అందియ్యాల్నా?”

ఆ రాత్రి మొదటిసారి నా ఫారం సంగతి నాన్నకు చెప్పి తిట్లు తిన్నాను.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ప్రిన్సిపాల్ మేడమ్ ఆమెను తీసుకురమ్మని నాకు కబురు పెట్టారు. లోపలికి తీసుకెళ్ళి నేను తలుపు పక్కన నిలబడ్డాను. మేడమ్ బల్ల మీద ఫారం ఉంది. దాని మీద భర్త అని ఉన్న చోట గీత కొట్టి, సంరక్షకుడు అని ఉన్న చోట ఆమె తన సంతకమే పెట్టి ఇచ్చింది.

మేడమ్ మంచి మనిషి. నెమ్మదిగానే మాట్లాడారు. “చూడండి, మీ వారికి అభ్యంతరం యూనిఫామ్ దగ్గరే కదా. మీకు యూనిఫామ్ నుంచి మినహాయింపు రాసిస్తాను. అది చూపించి ఆయన చేత సంతకం పెట్టించుకురండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.”

“నాకైతే ఇబ్బంది లేదు మేడమ్.”

“ఆయనకుంది కదండీ.”

“ఆయన ఈడ చదువుతలేడు కద మేడమ్.”

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “విద్యార్థిని సంతకం విద్యార్థినికే ఎలా చెల్లుతుంది? బాధ్యత తీసుకునే మనిషి వేరే ఉండాలి.”

“నా బిడ్డ ఇంటర్ల ఉన్నది ఈడనే. జెర దాని ఫారం తెప్పియ్యండ్రి.”

అటెండరు వెళ్ళి తెచ్చాడు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టారు. కూతురి ఫారం మీద సంరక్షకుడి చోట ఉన్నది ఈమె సంతకమే. వాళ్ళాయన డ్యూటీలో ఉంటే తనే పెట్టి పంపింది, ఆఫీసు వాళ్ళు మారు మాట్లాడకుండా ముద్ర వేశారు.

“పదహారేండ్ల పిల్లకు నాది జిమ్మేదారి అంటే మీరు నమ్మిన్రు. ముప్పై ఎనిమిదేండ్ల మనిషికి నాది జిమ్మేదారి అంటే నమ్మరా మేడమ్? ఆ పిల్లకన్న ఈ మనిషే జెర బుద్ధిమంతురాలు, కావాల్నంటే ఈ లీడర్‌ను అడుగుండ్రి.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తలూపాను.

“వేరే మనిషి ఉండాలంటున్నరు. ఉన్నది మేడమ్. పొద్దుగల ఈడికొచ్చి సదివేటిది ఒకతె. ఇంటికి పోయి ఇద్దరు పిల్లల్ని, ఒక మొగున్ని, ఒక అత్తను, ఒక మిషన్‌ను సూసుకునేటిది ఇంకొకతె. ఆమె దస్కత్ పెట్టింది, ఈమె సదువుతది. ఇద్దరికి నడుమ ఏం పంచాయితీ లేదు.”

ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. బతిమాలడం కూడా లేదు. కొలత తప్పు రాసి పంపిన దుకాణం వాడితో ఎలా మాట్లాడుతుందో అలాగే మాట్లాడింది. చేతులు మాత్రం పైట కొంగు సూదిని తీస్తూ గుచ్చుతూ ఉన్నాయి. నాకు తెలుసు, ఆ బల్ల మీద ఉన్నది ఆమెకు మిగిలిన ఒక్కగానొక్క కాలేజీ.

“ఫారం ఇక్కడ పెట్టి వెళ్ళండి,” అన్నారు మేడమ్. అంతే. అవునూ అనలేదు, కాదూ అనలేదు.

నెల ముగిసింది. రిజిస్టరులో నంబరు తుడవలేదు, ఇంకుతోనూ రాయలేదు. ఆమె రోజూ వచ్చింది. సోమవారాలు తెల్లచీరలో వచ్చింది. ఇంట్లో వాళ్ళాయన ఆమె చేతి వంట తినడం మానేశాడని చెప్పింది. “మరి ఎలా అక్కా?” అంటే, “ఆకలైతే తింటడు తియ్” అంది. మూడు రోజులకు తిన్నాడట.

ఇంకో పది రోజులకు, ఒక మంగళవారం, స్టాఫ్ గది నుంచి రిజిస్టరు తెస్తూ మెట్ల మీద తెరిచి చూశాను. ముప్పై ఏడు. నీలం ఇంకు. పక్కన ఆమె పేరు, అదీ ఇంకుతోనే. నేను పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె బొటనవేలు నాలుక మీద తడుపుకుని ఆ అంకె మీద గట్టిగా రుద్దింది, కొత్త గుడ్డ రంగు దిగుతుందేమో చూసినట్టు. ఇంకు కాస్త చెదిరింది గానీ పోలేదు.

“పక్కానే,” అంది.

రిజిస్టరు పాడు చేసినందుకు తిట్లు నాకు పడ్డాయి. అంత సంతోషంగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఇట్టే గడిచిపోయింది. వాళ్ళమ్మాయి మొదట్లో మేము ఎదురైతే తల తిప్పుకునేది. తర్వాత తర్వాత మధ్యాహ్నం మా చెట్టు కిందికే డబ్బా తెచ్చుకుని, అమ్మ నోట్సు చూసి స్పెల్లింగులు దిద్దేది. మా జాకెట్లన్నీ వదులు చేసీ బిగుతు చేసీ ఆమే సరిచేసింది. ఏది కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేది. ఎందుకక్కా అంత దండగ అంటే, “మనిషి గింతనే ఉంటదా ఏంది?” అనేది.

ఇప్పుడు ఆ ఫోటో సంగతి.

మూడో సంవత్సరం చివర, మార్చిలో, వీడ్కోలు ఫోటో తీశారు. ముందు వరస కుర్చీల్లో ప్రిన్సిపాల్, లెక్చరర్లు. వెనక మేము, కొందరం నేల మీద, కొందరు బెంచీల మీద. ఏర్పాట్లన్నీ లీడరుగా నావి. ఆమె మాతో పాటు బెంచీ ఎక్కి నిలబడ్డం ఏం బాగుంటుంది అనుకున్నాను. ఆ రెండేళ్ళలో మాకందరికీ ఆమె మీద ఎంత ప్రేమ ఏర్పడిందో చూపించాలనుకున్నాను. స్టాఫ్ వరసలో, ప్రిన్సిపాల్ మేడమ్ పక్క కుర్చీ తర్వాత ఇంకో కుర్చీ వేయించాను. వేయించడమేమిటి, నేనే మోసుకొచ్చి వేశాను. కొంగుతో దుమ్ము దులిపాను కూడా.

“అక్కా, ఇది మీకు. రండి,” అన్నాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు.

ఆమె కుర్చీని చూసింది. తర్వాత నన్ను చూసింది.

“నువ్వు సుతనా బిడ్డా?”

అంతే అంది. తిట్టినా బాగుండేది. డ్రిల్లు దగ్గర, హాజరు దగ్గర, తెల్లచీర దగ్గర, ఆ ప్రిన్సిపాల్ గదిలో, రెండేళ్ళు పక్కనే ఉండి చూసిన నేను చివరికి చేసింది అందరూ చేసిన పనే. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఇద్దరు పిల్లల భుజాలు ఆసరా చేసుకుని, అందరికన్నా వెనక బెంచీ ఎక్కింది. ముప్పై ఆరుకూ ముప్పై ఎనిమిదికీ మధ్య సందు చేసుకుని నిలబడింది. “ఇగ తియ్యి,” అని ఫోటోగ్రాఫరును కేకేసింది.

“ముందు ఒక కుర్చీ ఖాళీగా ఉందండీ, తీసెయ్యనా?” అన్నాడతను. నేను తీసెయ్యడానికి కదిలాను కూడా.

“ఉండనివ్వండి,” అన్నారు ప్రిన్సిపాల్ మేడమ్, వెనక్కి తిరక్కుండానే. “తీయండి.”

ఆమె సెకండ్ క్లాసులో పాసైంది. ఆ డిగ్రీతో ఏం చేసిందని అడుగుతారు అందరూ. జాకెట్లు కుట్టింది. ఇంటి ముందు రేకు బోర్డు కొత్తగా రాయించింది. పైన పేరు, పక్కన బి.ఏ., కింద లేడీస్ టైలర్. గల్లీలో వాళ్ళు నవ్వితే, “డాక్టర్లు పెట్టుకుంటలేరా? నేను పెట్టుకుంటే ఏమైంది?” అంది. ఎండకూ వానకూ రంగు వెలిస్తే ప్రతి రెండేళ్ళకూ మళ్ళీ రాయించేది. బోయిన్‌పల్లిలో మా అత్తగారి ఇంటి నుంచి నేను ఎప్పుడు వెళ్ళినా ముందు ఆ బోర్డే కనబడేది.

ఫోటో దొరికిన మర్నాడే దాన్ని తీసుకుని సీతాఫల్‌మండి వెళ్ళాను. ఆ పిల్ల అందులోంచి అమ్మ ముఖం ఒక్కటే కత్తిరించి పెద్దది చేయిద్దామనుకుంది. నేను వద్దన్నాను. కత్తిరిస్తే ఆమె ఎవరో తెలియదన్నాను. ఫోటో మొత్తం పెద్దది చేయించి చట్రం కట్టించి, పదకొండో రోజున గోడ దగ్గర బల్ల మీద పెట్టి దండ వేశాం. మిషను పక్కనే ఉంది, గుడ్డ కప్పి. వాళ్ళాయన పటం ముందు కుర్చీలో కూర్చున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. నేనెవరో గుర్తుపట్టాడో లేదో తెలియదు.

చుట్టాల్లో ఒకామె పటం దగ్గరికొచ్చి వంగి చూసి, పెద్దగానే అంది. “ఇదేందే, ముత్తైదువగ పోయిన మనిషికి తెల్లచీర పటమా? ఇంకోటి లేకుండెనా?”

ఆ పిల్ల నోరు తెరవబోయింది.

“గదే ఉండనీ,” అన్నాడు ముసలాయన.

ఆయన ఆమె ఫారం మీద ఎన్నడూ సంతకం పెట్టలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు. ఆయన మారాడని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఆ చుట్టాలామె మాత్రం అంతటితో ఊరుకోలేదు. కళ్ళజోడు సవరించుకుని వరసలన్నీ చూసింది.

“మరి ముంగట ఈ కుర్చీ ఖాళీగ ఉన్నదేంది? ఆ రోజు ఎవరన్న రాలేదా?”

ఆ కుర్చీ వేసింది నేను. అది చెప్పుకోవాల్సిన రోజు వచ్చిందనుకుని గొంతు సవరించుకున్నాను. ఆయన నాకన్నా ముందే చెప్పాడు. ఆమె ఆ సంగతి ఆయనకు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో మరి. ఆ మాటలో ఉన్నది కోపమో గర్వమో నేనిప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను.

“అందరు వచ్చిన్రు. అది ఆమెకు ఏసిన్రు,” అన్నాడు. “కూసోలే.”